తలకెత్తుకున్న పొలం

భైరవయ్యగారికి ఒక అలవాటుండేది. ప్రశ్న అడిగినవాణ్ణి కూర్చోబెట్టి జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు తొడుక్కోమనేవారు.

కొమ్మన ఆయన దగ్గర చదువుకున్నవాడే. రాజుగారి కొలువులో దారులు వేయించే అధికారం చేతికొచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. తలపాగా కొత్తది, హుషారు అంతకన్నా కొత్తది. వానాకాలంలో ఒక ఉదయం గురువుగారికి నమస్కరించి, మనసులో నలుగుతున్న మాట బయటపెట్టాడు.

"స్వామీ, కొత్త దారి, పక్క ఊళ్ళో పోలమ్మ అనే ఆవిడ మడి మీదుగా వెళ్ళాలి. అది బంజరని నేను తేల్చేశాను. బంజరంతా రాజుగారిదే కదా! ఆవిడేమో తాతలనాటి పొలమంటూ ఒకటే గోల. రాజుగారికి తప్ప నేనింకెవరికి జవాబు చెప్పుకోవాలి?"

గురువుగారు నవ్వి, "చెప్పులు తొడుక్కో" అన్నారు.

పోలమ్మ గట్టుమీదే ఉంది. నా అన్నవాళ్ళు లేని మనిషి. ఏడాది పొడుగునా ఆమెకు తిండి పెట్టేది ఆ ఒక్క మడే. "సామీ, మీరైనా చెప్పండి. ఇది పోతే నేనేం తిని బతకాల?" అంది.

"నేను చెప్పేదేముందమ్మా? మీ ఊళ్ళో నేల తగువులు ఎలా తీర్చుకుంటారో ఇదీ అలాగే తీర్చుకోండి" అని ఆయన గట్టుమీద చతికిలబడ్డారు. ఈలోగా ఊరంతా పోగయింది.

ఆ ఊళ్ళో ఒక కట్టడి ఉంది. ఈ నేల ఫలానావారిదని అన్నవాడు అందులోని మట్టిపెళ్ళ తలకెత్తుకుని, నలుగురూ చూస్తుండగా దాని చుట్టూ నడిచి, అదే మాట మళ్ళీ అనాలి. ఎంత పెద్దవాడైనా తన బదులు బంటును పంపడానికి వీల్లేదు. ఓస్ ఇంతేనా అనుకున్నాడు కొమ్మన. అతని బెంగల్లా తలపాగా గురించే. దాన్ని తీసి గురువుగారి చేతిలో పెట్టి మడిలోకి దిగాడు.

దిగాడు గానీ, పెళ్ళ ఏది? తను నడి ఎండాకాలంలో గుర్రం దిగకుండా చూసిన నెర్రెల నేల కాదిది. చక్కగా దమ్ము చేసిన బురద, అందులో నిన్ననే నాటిన నారు.

"ఎండు పెళ్ళ ఒక్కటీ లేదా?" అన్నాడు బిక్కమొహం వేసి.

"బంజరు కదా దొరా, మీరే ఎతుక్కోండి" అంది పోలమ్మ. జనం గొల్లుమన్నారు.

చేసేది లేక దోసెడు బురద నెత్తిన పెట్టుకుని గట్టువెంట నడిచాడు. నాలుగడుగులు వేసేసరికి అది నుదుటిమీదికి దిగింది, అక్కణ్ణుంచి మీసాల్లోకి, ఆపైన నోట్లోకి. ముందు సిగ్గేసింది, తర్వాత ఒళ్ళు మండింది. చుట్టు పూర్తికావస్తుండగా పోలమ్మ కనబడింది. ఇందాకటి వేళాకోళం ఆమె మొహంలో లేదు. కొంగు గుప్పిట్లో బిగించి అతని నోటివంకే చూస్తోంది. ఆ నోటి వెంట వచ్చే మాటమీదే ఆమె తిండి ఉంది. ఆమె పొలం మట్టి నోట్లో ఉండగా బంజరు అనడానికి కొమ్మనకు మాట పెగల్లేదు.

ఉన్నట్టుండి తనమీద తనకే నవ్వొచ్చింది. మూతి తుడుచుకుని గట్టిగా అన్నాడు: "ఇది పోలమ్మ పొలం. గుర్రం మీంచి చూసి బంజరన్నాను. తప్పు నాది. దారి చుట్టు తిరిగి పోతుంది. ఆ మాట రాజుగారికి నేనే చెప్పుకుంటాను."

ఊరు ఈలలు వేసింది. పోలమ్మ కళ్ళొత్తుకుంటూనే నవ్వింది. "కొత్త బియ్యం వండిననాడు కబురంపుతా. ఈసారి గుర్రం దిగి రండి దొరా!"

కొమ్మనకు గుండెల్లోంచి ఏదో బరువు దిగినట్టయింది. పసివాడిలా నవ్వుకుంటూ, తల కడుక్కోవడానికి కాలువవైపు పరుగు తీయబోయాడు. వెనకనుంచి గురువుగారు కేకేశారు.

"అక్కడ కాదు నాయనా. ఆ మట్టి ఆవిడది. ఆవిడ మడిలోనే కడుక్కో."