గడ్డిలో పాతిన పెట్టె

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా తోడల్లుడు సత్తిరాజు. ఆ తరవాత ఒక పెళ్లిలో నన్ను రెండో బంతికి కూర్చోబెట్టాడు కనక ఇప్పుడు మా మధ్య మాటల్లేవు. అయినా ఆ రోజు పార పట్టుకుని గురువుగారి పక్కన నిలబడ్డవాడు అతనే. అతను చెప్పిందే నిజం.

గురువుగారంటే వీరదాసుగారు. అడిగినదానికి కూర్చుని జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. శిష్యురాలు సుభద్రమ్మ ఒకనాడు, "ఇన్ని పూజలు చేస్తున్నాను, నా భయం ఎందుకు పోదు గురువుగారూ?" అని అడిగింది. "మీ ఇంటికి పదమ్మా," అని ఆయన చెప్పులు తొడుక్కున్నారు.

ఆమె ఇంటిముందు పచ్చికకు భర్త బతికుండగా పైపులు వేయించాడు. మోటారు వేస్తే నేలలోంచి చిన్న గొట్టాలు లేచి నీళ్లు చిమ్మేవి. ఆయన పోయాక రోజూ మోటారు వెయ్యడమే తప్ప వాటిని పట్టించుకున్నవాళ్లు లేరు. పైపులన్నీ కలిసే చోట, నీళ్లు వదిలే వాల్వులతో ఒక ప్లాస్టిక్ పెట్టె నేలలో పాతి ఉంది. దాని మూత సందులోకి పాము తోక జారిపోవడం చూశానని సుభద్రమ్మ అంటుంది. మర్నాడు ఒక మెకానిక్ ఆ మూత ఎత్తబోయాడు. ఆ వారంలోనే కోడలు హైమకు కడుపు పోయింది. ఇక అప్పటినుంచి మూతకు పసుపు, కుంకుమ. సందులోంచి పాలు, నువ్వుల చిమ్మిలి. ఎవరినీ తాకనివ్వదు. ఇప్పుడు హైమకు మళ్లీ ఆరో నెల.

గురువుగారు మోటారు వెయ్యమన్నారు. గేటు దగ్గరి గొట్టాలు లేవనే లేదు. గోడవైపువి కాస్త ఉమ్మి ఊరుకున్నాయి. గడ్డి అంతా మాడిపోయింది గానీ, వీధి మెట్ల దగ్గర మాత్రం చిత్తడి, పాచి.

"నిన్న ఇక్కడే జారాను. పిట్టగోడ దొరికింది గనక సరిపోయింది," అంది హైమ గుమ్మంలోంచి.

సుభద్రమ్మకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఆమె ముఖంలో కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు.

గురువుగారు తడి పట్టుకుని నడిచారు. కాలు దిగబడుతూ ఉంది. ఆ తడి తిన్నగా పసుపు పూసిన మూత దగ్గరికే తీసుకుపోయింది. మూత కింద ఏదో కదిలింది.

సుభద్రమ్మ అడ్డం నిలబడింది. "వద్దు. హైమ కడుపులో బిడ్డకు ఏమైనా అయితే మీరు తెచ్చిస్తారా?"

"తేలేనమ్మా. నాకూ భయంగానే ఉంది," అన్నారాయన.

"అత్తయ్యా, రేపు నేను మళ్లీ జారితే?" అంది హైమ.

సుభద్రమ్మ ఆ మెట్లవైపు చూసింది. ఉన్నట్టుండి సత్తిరాజు చేతిలోంచి పార లాక్కుంది. "నేనే తీస్తాను. తగిలితే నాకే తగలాలి," అని మూత కింద పార దూర్చి ఎత్తింది.

పులిసిన పాల కంపు గుప్పుమంది. బలిసిన పందికొక్కు ఒకటి ఆమె పాదం మీదుగా దూకి కంచెలోకి పారిపోయింది. సుభద్రమ్మ కేక పెట్టి బురదలో కూలబడింది. పెట్టెలో చీమలు, సగం తిన్న చిమ్మిలి, పళ్ల గాట్లతో చీలిన పైపు. ఆ చీలికలోంచే నీళ్లు ఎగజిమ్ముతున్నాయి. సత్తిరాజు వెళ్లి మోటారు కట్టేశాడు.

సుభద్రమ్మ రెండు చేతులూ జోడించింది. "పాము లేదు కదా గురువుగారూ? లేదు కదా?"

గురువుగారు ఆ చిమ్మిలి వంకా, పందికొక్కు దూరిన కంచె వంకా చూశారు.

"ఇంకా రాలేదమ్మా," అన్నారు.

జరిగింది ఇంతే. ఇప్పుడేమో గురువుగారి మఠం గోడమీద, పెట్టెలోంచి నాగుపాము లేచి ఆయనకు పడగ పట్టినట్టు బొమ్మ వేయించారు. కింద రాసినది కూడబలుక్కుని చదివాను, అదీ తప్పే. వేయించినవాళ్లు నా మాట వినరు, నేను వాళ్ల గడప తొక్కను. చదువుకున్న పెద్దలెవరైనా వెళ్లి ఆ పడగ చెరిపించండి. ఏదో ఒక జంతువు ఉండి తీరాలంటారా, పందికొక్కును వేయించండి.