ఆచారి పీట

అనగనగా అంటే మరీ రాజుల కాలం కాదు, సీమ బస్సులు ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చిన కాలం. ఓడలో ఇంజనూ చక్రాలూ మాత్రమే వచ్చేవి. పైన ఒళ్ళంతా మన వడ్రంగులే టేకుతో కట్టేవారు. కొండకింద ఊళ్ళకు వచ్చిన మొదటి బెడ్‌ఫోర్డు బస్సుకు ఒళ్ళు కట్టినవాడు సింహాద్రాచారి. మనిషి తాటిచెట్టంత, మాట మాత్రం పక్కవాడికి కూడా వినపడదు.

బస్సు తొలిసారి వచ్చి ఆగింది. కొబ్బరికాయ కొట్టారు. చీపుళ్ళమ్ముకునే ముసలి పైడమ్మ కాలెత్తింది, మెట్టు అందలేదు. మళ్ళీ ఎత్తింది, అందలేదు. మూడోసారి ఎత్తి కిందపడింది. బస్సు వెళ్ళిపోయింది.

"దెబ్బ తగిలిందా అమ్మా?" అన్నాడు ఆచారి.

"దెబ్బదేటుంది బాబూ. సంతకి నడిసే ఓపిక లేక, బస్సొస్తాదని కాసుక్కూకున్నాను. నువ్వు మెట్టు నీ కాలికి కట్టుకున్నావు, నా కాలికి కట్టనేదు."

ఆ రాత్రి ఆచారి ఆ మాటే తలచుకున్నాడు. నిజమే, మెట్టెత్తు తన మోకాలితోనే కొలిచాడు. సంతకు వెళ్ళకపోతే ముసల్దాని పొయ్యి వెలగదు.

అడుగున ఇంకో మెట్టు బిగించాడు. దారిలో రాయి తగిలి ఊడిపోయింది. తాళ్ళతో వేలాడే మెట్టు కట్టాడు. కాలు పెట్టగానే అది బస్సు కిందికి పోయింది.

"ఇంక నా బస్సు జోలికి రాకు ఆచారీ" అన్నాడు బస్సు కొన్న షావుకారు.

మూడోసారి ఆచారి బస్సును ముట్టుకోలేదు. మిగిలిన టేకుముక్కతో పీట చేసి, బస్సు ఆగేచోట వేశాడు. పైడమ్మ పీటెక్కింది, మెట్టెక్కింది, చీపుళ్ళ కట్టతో దర్జాగా కూర్చుంది.

"కిటికీకాడ గాలి బాగుంది బాబూ" అంది.

అంతలో ఆచారికి తట్టింది. ఎక్కించాడు సరే, సంతలో దింపేదెవరు? పీట చంకన పెట్టుకుని తనూ బస్సెక్కేశాడు. జనం పడీపడీ నవ్వారు. సంతలో ముందు ఆచారి దిగాడు, తర్వాత పీట దిగింది, ఆ తర్వాత పైడమ్మ దిగింది.

అటుపైన బస్సు ఆగే ప్రతిచోటా ఒక పీట చేసి పెట్టాడు. కొన్నాళ్ళకు పైడమ్మ పోయింది, ఆచారీ పోయాడు, ఆ బస్సు కూడా పాత ఇనుములో కలిసిపోయింది.

పీటలు మాత్రం పోలేదు. ఈనాటికీ ఆ ఊళ్ళలో పెళ్ళి చేస్తే, పెళ్ళిపీటలతోపాటు ఇంకో పీట చేయించి బస్సు ఆగేచోట పెడతారు. కొత్తగా ఎవరు ఎక్కడ మెట్టు కట్టినా పెద్దవాళ్ళు అడుగుతారు, "ఎవరి కాలితో కొలిసినావు నాయనా?"

"పైడమ్మ కాలితోనే" అనాలి. అంటేనే మేస్త్రీకి తాంబూలం.