సుంకమ్మ పెట్టిన ఆకు

అనగనగా, గుట్టలకింకా పేర్లు పెట్టని కాలంలో, ఎగువూరు, దిగువూరు అని రెండు ఊళ్ళుండేవి. రెండింటికీ నడుమ ఒకటే పచ్చికగుట్ట. ఏటా జాతరనాడు గుట్ట కింది బండ మీద పులిమేక ఆడేవాళ్ళు. గెలిచిన ఊరి మందలకే ఏడాదంతా గుట్టమీద మేత.

పోయినేడు గెలిచినవాళ్ళకు మూడు పులులు, ఓడినవాళ్ళకు పదిహేను మేకలు. అన్నీ రాళ్ళే. మేక వెనక చోటు ఖాళీగా ఉంటే పులి దాన్ని దూకి తినేస్తుంది. పులుల్ని కదలకుండా కట్టేస్తే మేకలది గెలుపు.

దిగువూరి తరఫున మేకల కాపరి కాటమయ్య ఆడేవాడు. ఒక ఏడు ఓడాడు. రెండో ఏడు ఓడాడు. మూడో ఏడూ ఓడాడు. ఊళ్ళో మేకలకు ఎముకలు తేలాయి.

ఆ మూడో ఏడు ఆట అయి జనం వెళ్ళిపోయాక బండ దగ్గర సుంకమ్మ ఒక్కతే మిగిలింది. జాతరకు విస్తర్లు కుట్టే దిగువూరి మనిషి. నలుగురిలో నోరు విప్పదు. మూడేళ్ళ ఆటలూ కుడుతూనే చూసింది. ఇప్పుడు ఆ రాళ్ళనే పేర్చి, ఆటను చివర్నుంచి వెనక్కి నడిపిస్తోంది. ఒకచోట ఆగి మోదుగాకు ముక్క పెట్టింది.

వెనక్కి తిరిగొచ్చిన కాటమయ్య చూశాడు. "ఏందత్తా అది?"

"నీ ఆట చెడిన చోటు నాయనా."

"నేను ఓడింది ఆ మూల కదా."

"ఓడింది ఆడ. చెడింది ఈడ. మూడేళ్ళూ ఈడనే."

"ఏం చేశా?"

"కాపరివి కదా. పులి ఒక్కమేక మీదికి రాగానే దాన్ని కాయడానికి పరిగెత్తావు. మిగతా మంద చెదిరింది. రాతిమేక పోనీలే. ఇంటికాడ ప్రాణమున్నవి పస్తున్నాయి."

ఆ ఏడంతా ఆమె పులి, అతను మేక. మళ్ళీ మళ్ళీ ఆడారు.

జాతర వచ్చింది. ఎగువూరి ఆటగాడు జంగన్న మీసం దువ్వాడు. "రావయ్యా కాటమయ్యా. మీ మేకల రుచి మా పులులు మరిగినాయి."

ఏడో మేక దగ్గర పులి వచ్చి నిలబడింది. "కాయ్, కాయ్" అని దిగువూరంతా అరిచింది. కాటమయ్య రాయి చేతిలోకి తీసుకున్నాడు. సుంకమ్మ వైపు చూశాడు. ఆమె తలెత్తలేదు, కుడుతూనే ఉంది. అతను రాయిని వేరే చోట పెట్టాడు.

పులి దూకి తినేసింది. "కాపరికి కునుకు పట్టింది" అని జంగన్న నవ్వాడు. తిన్న పులి మూలకు చేరింది. కాటమయ్య దారి మూశాడు. ఒక పులి ఆగింది. రెండో పులి ఆగింది. మూడో పులీ ఆగింది.

దిగువూరు ఈలలేసి ఎగిరింది. ఆట నేర్పిందెవరో కాటమయ్య చెప్పాడు. పెద్దలు సుంకమ్మను అడిగారు, ఏం కావాలో కోరుకోమని.

ఆమె కొంగు సర్దుకుంది. "జంగన్నను పోనీకండి. ఆయన ఆట ఎక్కడ చెడిందో కూడా చూపిస్తా."

జంగన్న ముందు మొహం మాడ్చుకున్నాడు. తర్వాత బండ మీద కూర్చున్నాడు. చీకటి పడేదాకా లేవలేదు. ఆ మరుసటేడు ఆట ఎంత బాగా సాగిందంటే, ఎవరూ గెలవలేదు. గుట్టను రెండు ఊళ్ళూ కలిసి మేపుకున్నాయి.

సుంకమ్మ పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలీదు. ఇప్పటికీ అక్కడ ఆట అయిపోతే ఎవరూ లేచిపోరు. గెలిచినవాళ్ళే ఓడినవాళ్ళ పక్కన కూర్చుని, రాళ్ళను వెనక్కి నడిపి, చెడిన చోట ఆకుముక్క పెడతారు. పంట పోయినా, పెళ్ళిలో పులుసు చెడినా, "సుంకమ్మ ఆకు ఎక్కడ పెడదాం?" అని నవ్వుతూ వెతుక్కుంటారు.

అందుకే ఆ ఊళ్ళలో పిల్లలకు ఆట నేర్పేటప్పుడు ఇలా లెక్కపెట్టిస్తారు: పులులు మూడు, మేకలు పదిహేను, ఆకు ఒకటి.