రాజుగారి పట్టుతాళ్ళు

పూర్వం మణిగిరి రాజ్యాన్ని సింగరాయలనే రాజు ఏలుతుండేవాడు. మనసు మంచిదే కానీ, తన రాజ్యంలో ఉన్న వింత ఇంకెక్కడా ఉండకూడదని ఆయన పంతం. ఆ పంతానికి తగ్గ మంత్రి సోమయాజి. యంత్రాలు కట్టడంలో చేయి తిరిగినవాడు. ఆ సంగతి రోజూ ఎవరో ఒకరికి చెప్పకపోతే ఆయనకు అన్నం సహించేది కాదు.

ఒకసారి సోమయాజి కోటగుమ్మం పక్కన వరసగా పట్టుతాళ్ళు వేలాడదీయించాడు. ఒకటి లాగితే వైద్యుడు వస్తాడు. ఒకటి లాగితే న్యాయాధికారి వస్తాడు. ఇంకొకటి లాగితే నిప్పు ఆర్పేవాళ్ళు నీళ్ళతో వస్తారు. మరొకటి లాగితే, శత్రువులు దండెత్తి వచ్చారని సైన్యం కదులుతుంది. అన్నీ ఒకే ఎరుపు, ఒకే లావు. ఏది దేనికో పైన బంగారు అక్షరాలతో, సంస్కృతంలో చెక్కించాడు.

రాజు మురిసిపోయాడు. తప్పు తాడు లాగినవాళ్ళకు దేశబహిష్కారమని చాటింపు కూడా వేయించాడు.

నెల తిరక్కుండానే మేదరివీధిలో కోటమ్మ ఇల్లు అంటుకుంది. బుట్టలల్లే ఇల్లు, నిండా ఎండు వెదురు. ఆమె పరుగున వచ్చి ఒక తాడు లాగింది. సైన్యమంతా ఈటెలు పట్టుకుని పొలిమేరకు ఉరికింది. ఇక్కడ మేదరివీధి సగం బూడిదైపోయింది.

కోటమ్మను సభలో నిలబెట్టారు.

"అంత పెద్ద అక్షరాలు కనబడలేదా నీకు?" అని సోమయాజి గద్దించాడు.

"నాదే తప్పు బాబయ్యా" అంది కోటమ్మ, తల వంచుకుని.

ఆ సభలో మైలారన్న అనే మాటకారి ఉండేవాడు. కోటమ్మ మాట అతనికి మింగుడుపడలేదు. ఇల్లు తగలబడుతున్న మనిషి వచ్చిందే నీళ్ళ కోసం. మరి ఆ చెయ్యి సైన్యం తాడు మీదికి ఎందుకు పోయింది?

"మహారాజా, శిక్ష పున్నమి దాటాక అమలు చేయించండి. ఈ తాళ్ళ సంగతి నాకు కాస్త తెలుసుకోవాలని ఉంది" అన్నాడు.

"తెలుసుకోవడానికి ఏముందయ్యా! సరే, కానీ" అన్నాడు రాజు.

మైలారన్న వెళ్ళి కోటగుమ్మం దగ్గర కూర్చున్నాడు. ఎవరినీ ఏమీ అడగలేదు, వచ్చేవాళ్ళ చేతులే చూశాడు. జ్వరపడ్డ బిడ్డను భుజాన వేసుకొచ్చిన ఒకడు గబుక్కున దగ్గరున్న తాడు లాగితే న్యాయాధికారి వచ్చాడు. ఒక ముసలాయన చెయ్యి చాచి, భయపడి, ఏదీ లాగకుండానే వెళ్ళిపోయాడు. చదువొచ్చిన శాస్త్రిగారు అక్షరాల కోసం వెనక్కి నడిచి తలెత్తి చదువుకున్నారు. తీరా ముందుకొచ్చేసరికి అది ఏ తాడో మరిచిపోయారు!

మైలారన్న చెరసాలకు పోయి కోటమ్మను అడిగాడు. "ఆ తాడే ఎందుకు లాగావమ్మా?"

"చేతికందింది అయ్యా. పొగకి కళ్ళు మండిపోతున్నాయి. ఏదో ఒకటి లాగితే నీళ్ళొస్తాయనుకున్నా."

మైలారన్న నేరుగా సభకు వచ్చాడు. "మహారాజా, ఇంత గొప్ప ఏర్పాటు వీధిన పోయేవాళ్ళకేనా? ఏలినవారి స్నానాలగదిలో ఇంకా అవే చెంబులు, అవే నౌకర్లా?"

సోమయాజి ఛాతీ ఉబ్బింది. రాజు ఊ అన్నాడు. కొద్దిరోజుల్లో స్నానాలగది నిండా పట్టుతాళ్ళు వేలాడాయి. వేణ్ణీళ్ళకొకటి, చన్నీళ్ళకొకటి, గంధప్పొడికొకటి, మేళానికొకటి, అంగరక్షకులకొకటి. పైన షరా మామూలుగా బంగారు అక్షరాలు. నౌకర్లను పంపేశారు.

మొదటి తలంటు నాడే కుంకుడు నురగ రాజుగారి కళ్ళల్లో పడింది. కెవ్వుమని, తడుముకుంటూ ఒక తాడు లాగాడు. తడి నెత్తిన గంధప్పొడి దభాలున పడింది. ఇంకొకటి లాగాడు. బయట సన్నాయి అందుకుంది. మూడోది లాగాడు. తలుపులు బద్దలుకొట్టుకుని అంగరక్షకులు కత్తులు దూసి వచ్చి, తడి అంగవస్త్రంలో ఉన్న ప్రభువును చూసి కొయ్యబారిపోయారు.

"నీళ్ళురా! నీళ్ళు!"

బయట కాచుకుని ఉన్న మైలారన్న చెంబుతో నీళ్ళు పోశాడు.

"సోమయాజీ!" అని రాజు గర్జించాడు.

సోమయాజి పరుగెత్తుకొచ్చాడు. "ప్రభూ, ఏది దేనికో పైన స్పష్టంగా రాయించాను..."

"కళ్ళల్లో కుంకుడు పడ్డవాడు నీ అక్షరాలు ఎలా చదువుతాడయ్యా!"

మైలారన్న చేతులు జోడించాడు. "కోటమ్మ కళ్ళల్లో పొగ ఉంది మహారాజా."

రాజు కళ్ళు తుడుచుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. మైలారన్న మెల్లగా అన్నాడు. "తప్పు తాడు లాగితే దేశబహిష్కారమని ఆజ్ఞ కదా. ఏలినవారు ఏ దేశం బయలుదేరుతారో సెలవిస్తే పల్లకీ సిద్ధం చేయిస్తాను."

రాజు ఒక్క క్షణం గుడ్లురిమి చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్విన ప్రతిసారీ నెత్తిన గంధం రాలింది.

"సరేనయ్యా, ఓడిపోయాను. కోటమ్మను విడిపించి, మేదరివీధి ఇళ్ళన్నీ నా ఖర్చుతో కట్టించండి. మరి ఆ తాళ్ళు ఎలా ఉండాలంటావు?"

"నాకూ తెలియదు మహారాజా. లాగేవాళ్ళ చేత లాగించి చూస్తూ కడదాం."

అలాగే చేశారు. మొదట మూతి ముడుచుకున్న సోమయాజి, జనం చేతులు ఎటు పోతున్నాయో చూసేకొద్దీ తనే ముందుకొచ్చి, "తాతా, నువ్వు అటెందుకు పోయావు?" అని అడగడం మొదలుపెట్టాడు. కట్టినవి విప్పాడు, విప్పినవి మార్చి కట్టాడు. చివరికి నిప్పు తాడు గరుకు కొబ్బరిపీచుతో, కొసన చిన్న బొక్కెనతో, అన్నిటికంటే ముందు చేతికందేలా వచ్చింది. వైద్యుడి తాడుకు మందు నూరే కల్వం వేలాడింది. సైన్యానిది గొలుసై, కావలివాడి గదిలోకి పోయింది.

రాజు స్వయంగా వచ్చి, కళ్ళు మూసుకుని చెయ్యి చాచాడు. చేతికి బొక్కెన తగిలింది.

"ఇది నిప్పుకి!" అని పసివాడిలా నవ్వి, తన కంకణం తీసి మైలారన్న చేతికి తొడిగాడు.

సోమయాజి మాత్రం తాళ్ళనే చూస్తున్నాడు. "ప్రభూ, కళ్ళు తెరవకండి. ఈసారి ఎడమచేత్తో చూద్దాం" అన్నాడు.