ఎత్తడుగమ్మ కాలు దించని వైనం

ఎత్తడుగు కనుమలో వెలసిన ఎత్తడుగమ్మవారి కథను ఈ గుడి కథకునికంటే బాగా చెప్పగలవారు చుట్టుపక్కల ఎవరూ లేరు. ఈ మాట గొప్పకోసం అంటున్నది కాదు. అమ్మవారి సన్నిధిలో అబద్ధమాడటం దోషం, నిజం దాచడం అంతకన్నా పెద్ద దోషం. ఆ కథకుడే ఈ పుస్తకం కూడా రాస్తున్నాడు గనుక, వినయాన్ని కాసేపు పక్కనపెట్టి ఆ నిజాన్ని ముందుగా భక్తుల చెవిన వేశాడు. ఇక క్షేత్రం సంగతి.

రెండు రాతికొండల నడుమ బస్సు మూలుగుతూ పైకెక్కి, మలుపులో ఊపిరి పీల్చుకోవడానికన్నట్టు ఆగే చోటే ఎత్తడుగు కనుమ. దిగగానే ఎడమచేతి వైపు పెద్ద గుండురాయి, గుండు నీడన చిన్న గుడి. గోపురం లేదు, మండపం సగమే ఉంది. లోపల అమ్మవారు మనిషెత్తు రాతిలో నిలబడి ఉంటుంది. ఎడమ పాదం నేలమీద, కుడి పాదం గాలిలో. ముఖంలో కోపం ఉందంటే ఉంది, నవ్వు ఉందంటే ఉంది. పాదం కింద మాత్రం ఎవరూ లేరు.

వచ్చిన ప్రతివారూ అడిగేది ఒక్కటే, అమ్మ కాలెందుకెత్తింది అని. నాట్యం నేర్పే ఒకావిడ అది నాట్యభంగిమ అని తేల్చింది. వైద్యుడొకాయన వంగి చూసి, ముల్లు గుచ్చుకొని ఉంటుందన్నాడు. బస్సు కండక్టరు మాత్రం అమ్మవారు మెట్టెక్కబోతున్నదని, అందుకే ఇక్కడ బండి తొందరగా కదలకూడదని డ్రైవరుతో వాదించాడు. ముగ్గురూ పండితులే గానీ, జరిగింది వేరు.

పూర్వం ఇక్కడ గుడి లేదు, ఈ పేరూ లేదు. రాళ్ళకనుమ అనేవారు. ఆ కాలంలో సుంకప్ప అనే బొరుగుల వ్యాపారి ఉండేవాడు. వ్యాపారి అనడం పెద్దమాట. నెత్తిన ఒక సంచి, చేతిలో ఒక కొలత డబ్బా, అంతే ఆయన అంగడి. ఎక్కడ కథాగానం జరిగితే అక్కడ జనం వెనుక చేరి బొరుగులమ్మేవాడు.

ఆ రోజుల్లో ఊరూరా చెప్పే కథ ఒకటుండేది. గుటకాసురుడనే రాక్షసుడు రైతుల విత్తనాలన్నీ మింగేస్తాడు. అమ్మవారు వాణ్ణి కొండలవెంట తరిమి, పట్టి, పడవేసి, తొక్కడానికి కాలెత్తుతుంది. సరిగ్గా అక్కడ కథకుడు ఆపి పళ్ళెం తిప్పేవాడు. జనం లేచి ఒళ్ళు విరుచుకొని బొరుగుల సంచి చుట్టూ మూగేవారు. సుంకప్ప వంచిన తల ఎత్తకుండా కొలిచి, ఉల్లిపాయ, కారం కలిపి, దోసిళ్ళలో పోసేవాడు. అందరికీ పోసి తల ఎత్తేసరికి అవతల మంగళం పాడేసి దీపం సర్దుకుంటూ ఉండేవారు. అట్లా ఏళ్ళ తరబడి విన్నా, అమ్మ కాలెత్తినంతవరకే అతనికి కథ వచ్చు. ఎత్తిన కాలు ఏమైందో తెలియదు. అడగాలనీ తోచలేదు. కాలెత్తితే బొరుగులు పోతాయి, కాలెత్తేది అందుకేనని అతని నమ్మకం.

ఒకసారి ఒక ఊళ్ళో జనం కూర్చున్నాక కథకుడి గొంతు పూర్తిగా పోయింది. జనం లేవబోయారు. ముసురు పట్టింది, తేమ తగిలితే బొరుగులు మెత్తబడిపోతాయి. సుంకప్పకు ప్రాణం గిలగిలలాడింది. సంచి పక్కనపెట్టి ముందుకు పోయి, “కూర్చోండి కూర్చోండి, కథ నేను చెప్తా” అన్నాడు. ఎట్లా చెప్పాడో అతనికే గుర్తులేదు గానీ అమ్మ కాలెత్తింది, సంచి ఖాళీ అయింది. గొంతు పోయిన కథకుడు చేతులతో ఏదో సైగ చేశాడు. మెచ్చుకుంటున్నాడని సుంకప్ప అనుకున్నాడు.

ఇంటికి పోయి భార్య గిడ్డమ్మతో చెప్పాడు. ఆమె బొరుగులు వేయించే పెనంలో ఇసుక తిప్పుతూ వినింది.

“బొరుగులకన్నా కథే మేలు గదా, మోసే పని లేదు. ఏదీ, నాకు చెప్పు.”

చెప్పాడు.

“రాక్షసుడు నోరు తెరిచె అంటావు, నీ నోరు మాత్రం తెరుచుకోదే! వాడు రాక్షసుడా, మన ఇంటికొచ్చిన చుట్టమా?”

ఆ పెనం ముందే సుంకప్ప విద్య మొదలైంది. గట్టిగా అరిస్తే ముందువరుస అదురుతుంది గానీ వెనుకవరుస ఇంటికి పోతుందని, గొంతు తగ్గిస్తే ఆ వెనుకవాళ్ళే ముందుకు జరుగుతారని తెలుసుకోవడానికి అతనికి ఒక ఎండాకాలం పట్టింది. గాలికి ఎదురుగా నిలబడి చెప్తే మాటలు తనకే తిరిగొస్తాయని ఇంకో ఊళ్ళో తెలిసింది. గొర్రెలున్న ఊళ్ళో గుటకాసురుడు గొర్రెల్ని కూడా మింగాడు, చేపలున్న ఊళ్ళో వలలు మింగాడు. బోధించే గురువు లేడు గనుక, ఆవులించిన ప్రతివాడూ అతనికి గురువే అయ్యాడు.

అన్నిటికంటే పెద్ద విద్య, పై గుడ్డ పరిచి గింజలు అడిగే సమయంలో జనాన్ని కదలకుండా కూర్చోబెట్టడం. అమ్మ కాలెత్తి ఉంది, ఆమె గురించి ఇక చెప్పేదేమీ లేదు. అందుకని సుంకప్ప కింద పడి ఉన్నవాడి మీద పడ్డాడు. వాడికి జలుబు చేయించాడు. చీమలంటే భయమని చెప్పాడు. ఒకనాడు గింజలు మరీ పలచగా పడుతుంటే, నోటికి వచ్చినట్టు వాడికొక ముసలితల్లిని పుట్టించాడు. కొడుకు పొద్దున ఏమీ తినకుండా పోయాడని ఆమె జొన్నరొట్టె మూటకట్టుకొని, వెతుక్కుంటూ కొండెక్కుతోంది అన్నాడు. ఆ మాటకు ఆడవాళ్ళు ముక్కులు చీదుకొని, లేచి ఇళ్ళకు పోయి మళ్ళీ చాటలతో వచ్చారు. నాటి నుంచి సుంకప్ప ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలిగింది. బొరుగుల పెనాన్ని గిడ్డమ్మ పక్కింటివాళ్ళకు ఇచ్చేసింది.

గుడ్డ నిండగానే “మిగతాది రేపు” అనేవాడు. రేపటికి ఇంకో ఊళ్ళో ఉండేవాడు. అట్లా అతను నడిచిన దారి పొడవునా ఊరికొక అమ్మవారు కాలెత్తుకొని నిలబడిపోయింది.

ఈ విధంగా తిరుగుతూ సుంకప్ప తొలివాన పడ్డ మరునాడు రాళ్ళకనుమ చేరాడు. ఊరంతా ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చారు. సంగటిలో నెయ్యి కూడా వేశారు. తన పేరు అంతదూరం పాకిందని మురిసిపోయాడు గానీ సంగతి అది కాదు. ఆ ఊళ్ళో అమ్మవారి కథ మొత్తం విని మంగళం పాడేదాకా గింజ నేలలో వేయరు. విత్తనాల గంపలు కథకుని ముందు పెట్టి కూర్చుంటారు. ఆ యేడు ఏ కథకుడూ రాలేదు. వాన మాత్రం వచ్చేసింది.

సుంకప్ప ఎప్పటిలాగే చెప్పాడు, అమ్మ కాలెత్తింది, గుడ్డ నిండింది. “మిగతాది రేపు” అన్నాడు.

ముందువరుసలో, చివర రెండుగా చీలిన పంగకర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్న పెద్దావిడ ఓబులక్క తల ఎత్తింది. “రేపు యాడిదప్పా? రేపటికి నేల పదును ఆరిపోతాది. ఇప్పుడే కానీ.”

అప్పుడు తెలిసింది సుంకప్పకు తానెక్కడ ఇరుక్కున్నాడో. ముగింపు రాదంటే ఈ కబురు కొండలు దాటుతుంది, మరి ఏ ఊరూ కూర్చోనివ్వదు. వెనక్కి పోదామంటే పెనం లేదు. ముగించకపోతే ఈ ఊరి విత్తనం గంపల్లోనే ఉండిపోతుంది. చేసేది లేక ముసలితల్లి నడకను సాగదీశాడు. ఆమె చేత దారిలో నీళ్ళు తాగించాడు, కాలికి గుడ్డ కట్టించాడు, కోసిన చేలలో పరిగె ఏరుకునేవాళ్ళతో మాట్లాడించాడు. పొద్దు గుంకింది. మరునాడు తెల్లవారేసరికి జనం మళ్ళీ గంపలతో కూర్చున్నారు. పడమటిగాలి లేచింది. ఒక రైతు పిడికెడు మట్టి తెచ్చి సుంకప్ప ముందు నలిపాడు. సగం పొడై గాలికి పోయింది. ఆ రైతు చేతులు దులుపుకొని కూర్చున్నాడు.

మధ్యాహ్నం అన్నం పెట్టి, తినగానే చెప్పాలన్నారు. సుంకప్ప గుండుకు ఆనుకొని కళ్ళు మూసుకున్నాడు. కునుకులో అమ్మవారు కనబడింది. కిరీటం లేదు, సింహం లేదు. ఒంటికాలి మీద నిలబడి, గుండు పట్టుకొని చెమటలు కక్కుతోంది.

“ఏరా సుంకప్పా, ఎన్ని ఊళ్ళలో నిలబెట్టినావురా నన్ను ఇట్లా? కాలు తిమ్మిరెక్కె.”

“దించు తల్లీ, నీకు అడ్డమెవరు?”

“యాడ దించేది? కింద వాణ్ణి పడుకోబెట్టినావు. జలుబన్నావు, ఓర్చుకుంటి. వాళ్ళమ్మ రొట్టె పట్టుకొని వస్తుందంటివి. ఆ ముసలిదాని కళ్ళముందర ఎట్లా దించమంటావు?”

సుంకప్ప చేతులు జోడించాడు. “అసలు కథలో ఏం చేసినావో చెప్పు తల్లీ. అదే చెప్తా.”

“అది చెప్పేటప్పుడు నువ్వు బొరుగులు కొలుస్తుంటివి. ఇప్పుడు నన్నడిగితే? అప్పటి రాక్షసుడు వేరు, వాడికి తల్లి లేదు. వీడు నీవాడు, నువ్వే చూసుకో. నాకు ముందు కాలికింద ఏదన్నా ఊతమియ్యి.”

మెలకువ వచ్చింది. ఊతం సంగతి అర్థం కాలేదు. జనం మాత్రం కూర్చొని ఉన్నారు.

సుంకప్ప మొదలుపెట్టాడు. అమ్మ కాలెత్తింది. తొక్కించేద్దాం, పీడ వదిలిపోతుందని నోరు తెరిచాడు.

“ఆగప్పా,” అన్నది ఓబులక్క. “వాళ్ళమ్మ వచ్చిందా?”

“ఇంకా లేదు, పెద్దమ్మా.”

“రాకముందే తొక్కేస్తాదా?”

మట్టి నలిపిన రైతు లేచాడు. “తొక్కనీ అత్తా! మన విత్తనం మింగినోడు వాడు. పదును పోతాంటే నీకు వాడి అమ్మ కావలసొచ్చిందా?”

“మింగితే మింగినాడు. పొద్దున్నుంచి తిండి లేనోడు. నువ్వు నీ అమ్మ చేతి రొట్టె తినకుండా పెరిగినావా?”

మగవాళ్ళంతా తొక్కమన్నారు, ఆడవాళ్ళంతా ఆపమన్నారు. కథ ఎవరి చేతిలోనూ లేకుండా పోయింది. సుంకప్ప నోరు మూసుకొని చూశాడు. ఇన్నేళ్ళలో కథ ఆపి జనాన్ని చూడటం అదే మొదలు. ఇదివరకు ఆపినప్పుడల్లా గుడ్డనే చూసేవాడు. కోపంతో లేచి నిలబడ్డ ఓబులక్క కాళ్ళు వణుకుతున్నాయి. పంగకర్రను చంకకింద పెట్టుకొని ఆమె బరువంతా దానిమీద వేసింది. ఊతం అంటే ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది.

గొంతు తగ్గించి చెప్పాడు. “అదిగో, వాళ్ళమ్మ వచ్చేసింది.”

లేచినవాళ్ళంతా కూర్చున్నారు.

ముసలితల్లి కొడుకును చూసింది, వాడి మీద ఎత్తి ఉన్న పాదాన్ని చూసింది. ఏడవలేదు. “తప్పు చేసినాడు తల్లీ, వదిలిపెట్టమని అడగను. రొట్టె తినేదాకా మాత్రం ఆగు. నీ కాలు నొప్పి పెడుతుందేమో, ఇది పెట్టుకో” అని తాను ఊతంగా తెచ్చుకున్న పంగకర్రను అమ్మవారి పాదం కింద నిలబెట్టింది. కర్ర లేక ఆమె అక్కడే కూలబడింది. రొట్టెను విరిచి సగం కొడుకు నోట్లో పెట్టి, సగం అమ్మవారికి చాచింది. అమ్మవారు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి, ఆ రొట్టె అందుకొని తినింది. తిన్నాక ఇట్లా అన్నది. “ఒరే, ఈ పాదం నీ మీద దించను, పక్కకూ తీయను. మింగిన విత్తనం కక్కు. ఏటేటా తొలివానకు కక్కుతూ ఉండు. ఏ యేడు ఎగ్గొడతావో ఆ యేడు ఈ కర్ర నేనే తీసేస్తా.” గుటకాసురుడు కక్కిన విత్తనమే ఈ గంపల్లో ఉన్నదని సుంకప్ప కథ ముగించాడు.

మంగళం సుంకప్పకు రాదు. ఓబులక్కే ఎత్తుకొని పాడింది. ఆఖరి మాట ఇంకా గాలిలో ఉండగానే ఊరంతా గంపలు నెత్తిన పెట్టుకొని చేలకు పరుగెత్తింది. బాగుందని గానీ, వస్తామని గానీ సుంకప్పతో అన్నవాడు లేడు. ముగిసిన కథ చుట్టూ ఎవరూ మిగలరని ఆ పూట అతనికి తెలిసింది. పంట ఇంటికి వచ్చాక ఓబులక్క కబురుపెట్టి గిడ్డమ్మను కూడా పిలిపించి, ఏటేటా కళ్ళంలో వారికొక భాగం ఏర్పాటు చేసింది. ఊరు మారవలసిన అవసరం సుంకప్పకు మళ్ళీ రాలేదు.

మరుసటి తొలివానకు గుండు పక్కన మట్టి కరిగి అమ్మవారి విగ్రహం బయటపడింది. కుడి పాదం ఎత్తి ఉంది. ఆ రాయి మొదటినుంచీ అక్కడే ఉన్నదని, దాన్ని చూసే సుంకప్ప కథ అల్లాడని కొందరంటారు. వారితో మేము వాదించము. బస్సు వేళవుతుంది.

నేటికీ కనుమకు వచ్చే భక్తులు ఒక పంగకర్ర తెచ్చి అమ్మ పాదం కింద ఆనించి, జొన్నరొట్టె విరిచి సగం నివేదన చేసి, సగం తమతో వచ్చినవారికి పెడతారు. మోకాళ్ళ నొప్పులవారికీ, దారితప్పిన బిడ్డలున్న తల్లులకూ ఈ మొక్కు ఫలిస్తుందని నమ్మకం. కథలు చెప్పి బతకదలచినవారు మొదటి కథ ఇక్కడే చెప్పాలి. మంగళం పాడేదాకా పళ్ళెం తిప్పకూడదు. ఈ నియమం తప్పనివారికి అన్నానికి లోటుండదని పెద్దలమాట. లోటు లేని మాట నిజమే, మిగులు గురించి పెద్దలు ఏమీ చెప్పలేదు. అమ్మవారు అందరినీ చల్లగా చూచుగాక.

ఈ పుస్తకం రాసిన కథకుడు చాలా ఏళ్ళుగా ఇదే మండపంలో ఈ కథ చెబుతున్నాడు. ఎదుట కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుంటూ లేచిపోతుంటే, గొంతు తడబడకుండా మిగిలినవాళ్ళకు కథ చెప్పడం మాత్రం అతనికి ఇంతవరకు చేతకాలేదు.