ఎర్ర చుక్క మీద నీలం చుక్క

మెట్టపేటలో తెలివి ఉంటే అది తన ఇంట్లోనే ఉందని ఊరంతా చెప్పుకుంటుందని తవిటమ్మ అనుకునేది. ఆవిడకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు అసిరినాయుడు, చిన్నవాడు తవుడు. ఇద్దరూ సర్వే ఇంజనీరు జగన్నాథంగారి వెనకాల సామాన్లు మోస్తారు. "నా బిడ్డలు సెప్పింది సెప్పినట్టు సేస్తారు. అక్షరం ముక్క తప్పరు" అని తవిటమ్మ పొంగిపోయేది. అందులో అబద్ధం లేదు. వచ్చిన చిక్కంతా అక్కడే.

ఆ ఇంటికి ఉన్న కష్టం ఒక్కటే, నీళ్ళు. కొడుకులు పనికి పోతే కొండవార ఊట నుంచి తవిటమ్మే బిందె మోసుకురావాలి. మోకాలు అరిగిపోయింది పాపం, బిందె దించేసరికి కళ్ళమ్మట నీళ్ళు తిరిగేవి. ఇన్నాళ్ళకి ఆవిడ పొలంలో నీళ్ళు పడే చోటు ఒకటి తేల్చారు. రేపు పొద్దున్నే బోరు బండి వస్తుంది. అక్కడ గుర్తు మేకు లేకపోతే పక్కూరికి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఏడాదికి గానీ రాదు.

జగన్నాథంగారికి స్వయంగా రావడం కుదరలేదు. రెండు లాప్‌టాప్‌లు అన్నదమ్ముల చేతిలో పెట్టారు.

"ఇవి గట్టి లాప్‌టాప్‌లర్రా, కింద పడినా వీటికేమీ కాదు. రెంటికీ లోపలే జీపీఎస్ ఉంది. ఉపగ్రహాల్ని పట్టుకుని మనం ఎక్కడున్నామో చెబుతుంది. ఒకటి పాతది, ఒకటి కొత్తది. ముందు మీ ఇంటి దగ్గర పక్కపక్కన పెట్టి, ఏది సరిగ్గా చూపిస్తే దాన్ని పొలానికి పట్టుకెళ్ళండి. ఎర్ర చుక్క బోరు చోటు, నీలం చుక్క మీరు. రెండూ కలిసిన చోట మేకు కొట్టండి. వీటికి పైన ఆకాశం కనబడాలి. పనయ్యేదాకా ఇంట్లో జాగ్రత్తగా పెట్టుకోండి. అర్థమైందా?"

"పూర్తిగా అయింది బాబూ" అన్నారిద్దరూ. ఇంకేముంది, పని మొదలైంది.

ఇంటికి రాగానే అసిరినాయుడు పాత లాప్‌టాప్‌ని రెండు చేతులా పైకెత్తి వదిలేశాడు. అది పోయి తవుడి పాదం మీద పడింది.

"బాబు నిజమే సెప్పారు, దీనికేటీ అవ్వలేదు" అన్నాడు అసిరినాయుడు.

"నా కాలికి అయిందిరా అన్నా!"

"నీ కాలు సంగతి బాబు సెప్పనేదు కదరా" అన్నాడు అన్న. తవుడు ఒప్పుకున్నాడు. నిజంగానే చెప్పలేదు మరి.

తరవాత పెద్ద సమస్య వచ్చింది. ఇంట్లో పెట్టుకోమన్నారు. ఆకాశం కనబడాలన్నారు. ఇంట్లో ఆకాశం ఎక్కడినుంచి వస్తుంది? ముగ్గురూ బుర్ర గోక్కున్నారు. ఆఖరికి దారి చెప్పింది తవిటమ్మే.

"దీనికింత ఆలోసనేటిరా? పెంకులు దింపీండి."

అంతే! మధ్యాహ్నానికి ఇంటి కప్పు కాస్తా పెరట్లో గుట్టయింది. వంటింట్లో పొయ్యి మీద ఎండ పడింది. అటక మీద పిల్లి నేనేం తప్పు చేశానన్నట్టు చూసింది. రెండు లాప్‌టాప్‌లనీ నట్టింట్లో పీట మీద పక్కపక్కన పెట్టారు.

కొత్తది నిమిషంలో నీలం చుక్క చూపించింది. సరిగ్గా వాళ్ళ నట్టింట్లో. పాతది మాత్రం తవిటమ్మ అన్నం వండి వార్చేదాకా ఆలోచించి, పక్కింటి కన్నంనాయుడి గేదెల కొట్టంలో చూపించింది.

"కొత్తది కుర్రది. నోటికొచ్చింది టక్కున సెప్పీసింది" అన్నాడు అసిరినాయుడు. "పాతది పెద్దది. ఆలోసించి సెప్పింది. పెద్దోళ్ళ మాట తీసెయ్యకూడదు."

"అయితే మనం ఇక్కడ లేమన్నమాట" అని తవుడు కంగారు పడ్డాడు. "అమ్మా, నువ్వు కంచాలు తియ్యకు. మేమెళ్ళి మమ్మల్ని తీసుకొచ్చీస్తాం."

ఇద్దరూ పాత లాప్‌టాప్ పట్టుకుని కొట్టంలో దూరారు. గడ్డి కింద చూశారు, కుడితి తొట్టిలో చెయ్యి పెట్టి చూశారు. కన్నంనాయుడు కర్ర పట్టుకుని వచ్చాడు.

"ఏటర్రా ఎతుకుతున్నారు?"

"మమ్మల్నే మావా. ఇందాకట్నించి ఇక్కడే ఉన్నామంట. నీకేటైనా కనబడ్డామా?"

కన్నంనాయుడు ఏదో అనబోయేంతలో తెరమీద నీలం చుక్క రోడ్డు దాటి రామాలయం వైపు జరిగింది. "ఒరే, పారిపోతున్నాంరా!" అని అసిరినాయుడు అరిచాడు. ఇంకేముంది, తమ వెనకాల తామే పరిగెత్తారు. వీళ్ళు గుడి దగ్గరికి చేరేసరికి చుక్క వరి కళ్ళంలో ఉంది. కళ్ళానికి చేరేసరికి మళ్ళీ గేదెల కొట్టంలో ఉంది. ఈసారి గేదె కూడా ఊరుకోలేదు, తవుడి రెండో కాలు తొక్కేసింది.

కుంటుకుంటూ జగన్నాథంగారికి ఫోను చేశారు.

"ఒరే, దాని రిసీవరు పాతబడిందిరా. తక్కువ ఉపగ్రహాల్ని పట్టుకుంటుంది, అందుకే చుక్క అటూ ఇటూ తిరుగుతోంది. కొత్తదాన్నే నమ్మండి. చుక్కలు కలిశాక పక్కన అంకెలు కూడా చూసుకోండి, తేడా రాకూడదు. మేకు కొట్టాక దాన్ని ఎవరూ పీక్కుపోకుండా చూడండి."

తవిటమ్మ కూడా పలుగూ పారా పట్టుకుని పొలానికి బయల్దేరింది. కొత్తది బంగారంలాంటిది. పది అడుగులు నడిస్తే చుక్క పది అడుగులు నడిచింది. పెద్ద కష్టం లేకుండా నీలం చుక్క వెళ్ళి ఎర్ర చుక్క మీద కూర్చుంది. అక్కడ మేకు కొట్టేస్తే ఈ కథ ఉండేది కాదు.

"ఆగరా" అన్నాడు అసిరినాయుడు. "అంకెలు సూడాల. ఆఖరి అంకె ఎత్తంట. బోరు సోటుకి అరవై రెండు మీటర్లుంది. మనకి అరవై ఆరు సూపిస్తంది."

ఎంత కొత్తదైనా ఎత్తు చెప్పేటప్పుడు జీపీఎస్ కాస్త తడబడుతుంది. ఆ మాట చెప్పడం ఇంజనీరుగారు మరిచిపోయారు.

"అయితే మనం నాలుగు మీటర్లు ఎత్తులో ఉన్నాం" అన్నాడు తవుడు.

"దిగాలి మరి" అంది తవిటమ్మ.

అంతే! తవ్వడం మొదలుపెట్టారు. ఇద్దరూ తవ్వుతుంటే తవిటమ్మ కుంటుకుంటూ తట్టలతో మట్టి లాగింది. మధ్యమధ్య లాప్‌టాప్‌ని గోతిలో ఆకాశానికి ఎత్తి చూపించారు. అరవై అయిదు. అరవై నాలుగు. గొంతులు ఎండిపోయాయి, అరచేతులు పొక్కిపోయాయి. పొద్దు కొండమీదికి వాలేసరికి అరవై రెండు పడింది. అదే క్షణాన అసిరినాయుడి కాళ్ళ కింద చల్లగా ఊట పుట్టింది. చూస్తుండగానే చీలమండలు మునిగాయి. తేటగా, అడుగు కనబడేలాగ ఉన్నాయి నీళ్ళు.

"ఛీ, పనికి అడ్డం!" అని విసుక్కుంటూ వాటిలోనే మేకు పాతాడు. పైకొచ్చాక ఎవరూ పీక్కుపోకుండా ముగ్గురూ కలిసి గొయ్యి మొత్తం పూడ్చేశారు. గట్టిగా తొక్కారు. పైన ముళ్ళకంప కూడా వేద్దామన్నాడు తవుడు. "ఎందుకురా, మేకు ఎక్కడుందో మనకే తెలవదు కదా" అని అన్న నవ్వాడు.

తవిటమ్మకి ఏడుపొచ్చింది, సంతోషంతో. "రేపట్నించి ఊటకి ఎళ్ళక్కర్నేదు నాయనా" అని కొడుకులిద్దరి తలలూ నిమిరింది.

"దాహమేస్తందే అమ్మా" అన్నాడు తవుడు.

"ఇందాక గోతిలో అన్ని నీళ్ళొచ్చాయి కదరా, తాగలేకపోయారా?"

"అవి రేపు బోరుకి పడాల్సిన నీళ్ళే. ఇవాళే తాగీస్తే రేపు బోరు బండోడికేటి పడతాయి?" అన్నాడు అసిరినాయుడు.

"అవును, నాకు తోచనేదు" అంది తవిటమ్మ. ఇలాంటి బిడ్డల్ని కన్నందుకు పొంగిపోతూ, మోకాలు పట్టుకుని లేచి, ఇంటికెళ్ళి బిందె చంకన పెట్టుకుని కొండవార ఊటకి బయల్దేరింది.