అట్ట వెనక ఇరవై మాటలు

ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు సుచరిత పరీక్ష గది తలుపు మూసి, వరాలమ్మకు ఎదురుగా కూర్చుని, పాత క్యాలెండరు అట్ట ఒకటి నోటికి అడ్డం పెట్టుకుంది. పెదవుల కదలిక చూసి మాట పోల్చుకోకుండా ఉండేందుకు అలా చేస్తారు. ఆమె ఒక్కో మాటా చదివింది. వరాలమ్మ విన్నది విన్నట్టు తిరిగి చెప్పింది. ఇరవైలో ఎనిమిది సరిపోయాయి. నెల కిందట, సుచరిత ఇంకా పనిలో చేరకముందు, ఇదే మనిషికి పదమూడు వచ్చాయి.

వరాలమ్మ బస్టాండులో విచారణ కిటికీ దగ్గర పనిచేసేది. రెండేళ్ల కిందట జ్వరం వచ్చి వినికిడి పూర్తిగా పోయింది. ఎనిమిది నెలల కిందట కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టారు. ఆ యంత్రం శబ్దాన్ని చెవి లోపలికి చేరుస్తుంది గాని, అది పూర్వం విన్న శబ్దంలా ఉండదు. ప ఏదో, త ఏదో, క ఏదో మళ్లీ మొదటినుంచీ పోల్చుకోవాలి. "కొత్తలో మా ఆయన గొంతు రేకుడబ్బాలోంచి వస్తున్నట్టుందన్నాను. అలిగి రెండు రోజులు మాట్లాడలేదు. మెషీన్ పాడైందేమో అనుకున్నా" అని ఆమె నవ్వుతూ చెప్పేది. శుక్రవారంలోగా ఇరవైలో పన్నెండుకు తగ్గలేదని బస్టాండు ఆఫీసుకు నివేదిక అందితే కిటికీ మళ్లీ ఆమెది. లేకపోతే సామాన్ల గదికి పంపుతారు.

సుచరిత ఆ వినికిడి శిక్షణ కేంద్రంలో చేరి మూడు వారాలైంది. ఆమెకు పని నేర్పుతున్న కోదండపాణి గారు ముప్ఫయ్యేళ్లుగా అక్కడే ఉన్నారు. ఏదడిగినా వివరించి చెప్పే అలవాటు ఆయనకు లేదు. లేచి వచ్చి ఏదో ఒకటి చేసేవారు.

ఆయన గదిలోకి రాగానే సుచరిత అట్ట బల్లమీద పడేసి, మార్కుల కాగితం చూపించింది. "ఇంటి దగ్గర సాధన మానేసినట్టున్నారు సార్. వెనక్కి పోయే మనిషికి ఎన్నాళ్లని నేర్పుతాం?"

అంత వేగంగా అన్న మాట వరాలమ్మకు అందదనుకుంది. వరాలమ్మ తల దించుకుంది.

కోదండపాణి గారు వరాలమ్మ వంక ఒకసారి చూసి, సొరుగు తెరిచారు. జాకెట్ల మీద పూలు కుట్టేవాళ్లు వాడే చెక్క రింగు ఒకటి తీశారు. దానికి పలుచటి నల్లబట్ట బిగించి ఉంది. దాన్ని సుచరిత చేతికిచ్చి, "వేరే జాబితా తీసుకో. గొంతు పెంచకు" అన్నారు.

ఆమె రింగు అడ్డం పెట్టుకుని ఇరవై మాటలూ చదివింది. తర్వాత టిక్కులు రెండుసార్లు లెక్కపెట్టింది. పదిహేను. స, చ, త లాంటి సన్నటి శబ్దాలు ఇందాక అట్టకు తగిలి సగంలోనే ఆగిపోయాయి. ఇప్పుడు బట్టలోంచి వచ్చేశాయి.

"అట్టతో ఇబ్బందిగా ఉందని ఒక్క మాట చెప్పొచ్చు కదండీ?" అంది సుచరిత.

"మీరు చదివింది తిరిగి చెప్పమన్నారు, చెప్పాను మేడమ్. తప్పు నా చెవిదే అనుకున్నా."

సుచరిత మొదటి కాగితం చింపబోయింది. కోదండపాణి గారు ఆపారు. రెండు మార్కులూ నివేదికలో రాయమన్నారు. ఏ మార్కు వచ్చినప్పుడు నోటికి ఏది అడ్డం ఉందో కూడా రాయమన్నారు. ఆమె రాసింది.

మరుసటి మంగళవారం వరాలమ్మ కిటికీ దగ్గర కూర్చుందని తెలిసింది. ఆ సాయంత్రం గది తాళం వేస్తుండగా సుచరిత, "ఈ సంగతి మీకెవరు నేర్పారు సార్?" అని అడిగింది.

ఈసారి ఆయన జవాబు చెప్పారు.

"ఎవరూ నేర్పలేదమ్మాయ్. అప్పట్లో నేను అరచెయ్యి అడ్డం పెట్టేవాణ్ణి. తన చెవి ఇక పనికిరాదనుకుని ఒకాయన రావడం మానేశాడు."